బుర్రా వారి ల్యాప్‌టాప్‌కి వేడి చేసింది

బుర్రా వారి ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట నేననడం లేదు, వాళ్ళే అంటారు. ఇంటిపేరే బుర్రా అయ్యాక ఇంకా వేరే సాక్ష్యం ఎందుకని వాళ్ళ వాదన. చింతలమెరక ఊళ్ళో వాళ్ళది మగ్గాల ఇల్లు. ఇంటి పెద్ద కోటిలింగం, ఆయన భార్య భ్రమరాంబ, కొడుకు నాగభూషణం, కూతురు స్వర్ణం. నలుగురికీ నాలుగు బుర్రలు. నాలుగూ కొత్త కుండల్లా నిగనిగలాడుతూ ఉంటాయి, ఒక్కసారైనా వాడితేగా!

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే" అని కోటిలింగం తండ్రి పోతూ పోతూ చెప్పి పోయాడు. ఆయన మామూలు మనిషి కాడు. ఓసారి ఆయన భార్య నీళ్ళకి వెళ్తూ "పాల మీద ఓ కన్నేసి ఉంచండి" అంది. అంతే. ఆయన ఒక కన్ను అరచేత్తో మూసుకుని, రెండో కన్ను పాల మీద వేసి కూర్చున్నాడు. పాలు పొంగాయి, పొయ్యి ఆరింది, పిల్లి వచ్చి మిగిలినవి తాగి మూతి తుడుచుకుని వెళ్ళింది. ఆవిడ వచ్చి లబోదిబోమంటే, "ఎందుకే అరుస్తావు? మొత్తం చూశాను, ఒక్క చుక్క కూడా నా కన్ను తప్పించుకోలేదు" అన్నాడు. అదీ ఆ వంశం.

స్వర్ణం చేతిలో మాత్రం దేవుడు ఏదో పెట్టాడు. బుర్రలో పెట్టాల్సింది కంగారులో చేతిలో పెట్టేశాడని ఊళ్ళో అంటారు. ఆ పిల్ల చీర అంచుకి ఒక తీగె గీసిందంటే చూసినవాళ్ళు చేతిలో పని మర్చిపోతారు. కిందటేడు తను కాగితం మీద గీసిచ్చిన అంచుని పట్నం నుంచి వచ్చిన డిజైన్లతను కంప్యూటర్లో ఎక్కించుకుని, కింద తన పేరు రాసుకున్నాడు. చేనేత సంఘం వాళ్ళు పట్టించుకోలేదు. స్వర్ణం రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"కూరలో కరివేపాకులా తీసి పారేశారే అమ్మా నన్ను!" అని ఏడ్చింది.

భ్రమరాంబ కొంగుతో కూతురి కళ్ళు తుడిచింది. మాటలన్నీ వదిలేసి కరివేపాకు ఒక్కటీ పట్టుకుంది. ఇంకేముంది, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కరివేపాకు తీసి పారెయ్యడం మహాపాపం. ఈనెతో సహా నమిలి మింగాల్సిందే. చుట్టాలకైనా మినహాయింపు లేదు, చుట్టాలు తగ్గిపోయారు కూడా.

ఈ ఏడు సంఘం ప్రెసిడెంటు గవరయ్య గారు గురువారం నాడు స్వర్ణాన్ని పిలిచి ముందే చెప్పాడు. "అమ్మాయ్, ఈసారి కాగితాలు తీసుకోం. అంచు కంప్యూటర్ మీద గీసి సోమవారం సాయంత్రం ఐదింటికల్లా ఆఫీసుకి పట్రా. నచ్చితే వంద చీరలకి అదే అంచు, బోర్డు మీద నీ పేరే. ఐదు దాటిందా, పట్నం అతనికే ఇచ్చేస్తాం."

కంప్యూటరంటే ల్యాప్‌టాప్ కొనాలి. డబ్బుకి ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా ఏది కొనాలన్నదే. ఆ ఊళ్ళో బుర్ర ఉన్న మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన పేరు పిచ్చేశ్వరరావు. పోస్టుమాస్టరు. నలుగురూ ఆయన దగ్గరికి వెళ్ళారు.

పిచ్చేశ్వరరావు ఉత్తరాల మీద ముద్రలు కొట్టుకుంటూనే చెప్పాడు. "చూడు కోటిలింగం, వాడు కొన్నాడనీ వీడు కొన్నాడనీ కొనకూడదు, మన అవసరానికి తగ్గది కొనాలి. ముందు మీ అవసరం ఏంటో కాగితం మీద పెట్టండి. నలుగురినీ అడగండి. బజారంతా కాళ్ళరిగేలా తిరగండి. కొట్టువాడి మాటలకి పడిపోకండి. అంతే."

"అంతేనా!" అన్నాడు కోటిలింగం. ఇంత తేలికని ఆయన అనుకోలేదు.

ఇంటికి రాగానే నాగభూషణం పోయిన ఆదివారం పేపరు తెచ్చి వసారాలో పరిచాడు. "నాన్నా, మన అవసరం ఏంటి?"

"అమ్మాయే కదరా. దాని కోసమేగా ఇదంతా."

అంతే, స్వర్ణాన్ని కాగితం మీద కూర్చోబెట్టారు. కాళ్ళు బయటికి వస్తున్నాయని ఇంకో కాగితం అతికించారు. "కదలకే, నువ్వు అవసరానివి" అంది భ్రమరాంబ. స్వర్ణం కదలకుండా అక్కడే మధ్యాహ్నం భోంచేసింది.

రెండోది నలుగురినీ అడగడం. ఎక్కడికో పోనక్కర్లేకుండా ఇంట్లోనే సరిగ్గా నలుగురున్నారు. తెలివైనవాళ్ళకి అదృష్టం కూడా కలిసొస్తుంది మరి. కోటిలింగం గొంతు సవరించుకుని, "ఏమే, ఏ ల్యాప్‌టాప్ కొందాం?" అన్నాడు.

"నాకేం తెలుసు?" అంది భ్రమరాంబ.

"ఏరా?"

"నాకేం తెలుసు?"

"అమ్మాయ్?"

"నాకేం తెలుసు నాన్నా?"

"మరి మీరో?" అంది భ్రమరాంబ.

"నాకేం తెలుసే?"

నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒక్క అక్షరం తేడా లేదు! ఆ ఇంట్లో కూర విషయంలో కూడా ఎప్పుడూ ఇలా నలుగురూ ఒక్క మాట మీదికి రాలేదు.

శనివారం పొద్దున్నే పట్నం బజారుకి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు పేపరూ, మగ్గం గదిలోని గజంబద్దా పట్టుకెళ్ళారు. బజారు ఒక చుట్టు తిరగడం, ఆగి గజంబద్దతో కాళ్ళు కొలుచుకోవడం.

"అరిగిందేమిట్రా?"

"లేదు నాన్నా, పొద్దున ఎంతుందో అంతే ఉంది."

మళ్ళీ చుట్టు. మళ్ళీ కొలత. నాలుగో చుట్టుకి భ్రమరాంబ చెప్పు తెగింది. అప్పుడు కోటిలింగానికి కిటుకు దొరికింది. "అదన్నమాట! కాళ్ళ వంతు చెప్పులు అరిగిపోతున్నాయి. విప్పండి చెప్పులు!" విప్పి మూడు చుట్లు తిరిగారు. పదకొండింటి ఎండ, కింద సిమెంటు రోడ్డు. ఏడో చుట్టుకి నాగభూషణం మడమ దగ్గర చర్మం లేచింది. "అరిగింది! అరిగింది!" అని నలుగురూ సంబరంగా ఎదురుగా కనిపించిన కొట్లోకి గెంతారు.

కొట్టతను కుర్రాడేం కాదు, ఇరవయ్యేళ్ళుగా సామాను అమ్ముతున్న గట్టి మనిషి. "రండి రండి, ఏ కంపెనీది చూపించమంటారు?" అన్నాడు.

అతను నోరు తెరిచాడో లేదో, నలుగురూ గల్లాబల్లని గట్టిగా పట్టుకున్నారు. భ్రమరాంబ ఒక చేత్తో స్తంభాన్ని కూడా వాటేసుకుంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బాబూ, నువ్వు మాట్లాడు. మేం పడిపోం."

అతను మంచినీళ్ళు తెప్పించి మళ్ళీ అడిగాడు. "ఏ కంపెనీది?"

"నాకేం తెలుసు" అన్నాడు కోటిలింగం, దర్జాగా.

"పోనీ ఏ మోడలు?"

"అదేనయ్యా, నాకేం తెలుసు! నలుగురినీ అడిగే వచ్చాం, నలుగురూ ఆ పేరే చెప్పారు. మీ దగ్గర లేకపోతే లేదని చెప్పు, వేరే కొట్టు చూసుకుంటాం."

కొట్టతను నెత్తి గోక్కున్నాడు. "సరే సార్, అసలు మీ అవసరం ఏంటో చెప్పండి."

నాగభూషణం చటుక్కున పేపరు పరిచాడు, స్వర్ణం దాని మీద కూర్చుంది. "ఇదిగో" అన్నాడు కోటిలింగం.

కొట్టతను అవసరం వైపు చూశాడు. అవసరం అతని వైపు చూసి సిగ్గుపడుతూ, "చీరలకి అంచులు గియ్యాలండీ. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడాలి" అంది. ఆ పూటకి ఆ కొట్లో వినపడ్డ తెలివైన మాట అదొక్కటే. అతనికి ప్రాణం లేచొచ్చింది. లోపల్నించి ఒక ల్యాప్‌టాప్ తెచ్చాడు. "బొమ్మలు గీసేవాళ్ళకి ఇదే కరెక్టమ్మా. తెర మంచిది, రంగు మారదు. ఒళ్ళో పెట్టుకుని చూడు, బరువు కూడా ఉండదు. పదిహేనున్నర అంగుళాలు."

భ్రమరాంబ స్తంభాన్ని వదిలేసి గజంబద్ద అందుకుంది. నేతింటి ఆడది, కొలత దగ్గర ఊరుకుంటుందా? "పదమూడున్నరే ఉంది! రెండంగుళాలు మింగేశాడండీ!"

"మూల నుంచి మూలకి కొలవాలమ్మా. తెరల లెక్క అంతే."

"మూల నుంచి మూలకా!" కోటిలింగానికి రోషం వచ్చింది. "ఆరు గజాల చీరని మేం మూల నుంచి మూలకి కొలిచి అమ్ముతున్నామా? ఈ సంగతి మా తాతల కాలంలోనే తెలిసుంటే ఎంత నూలు మిగిలేది!"

కొట్టతను రెండు చేతులూ జోడించాడు. "సార్, ఇంతకన్నా మీకు తగ్గది ఊళ్ళో దొరకదు. నా మాట నమ్మండి. కళ్ళు మూసుకుని తీసుకోండి."

అంతే. నలుగురూ ఠపీమని కళ్ళు మూసుకున్నారు.

కోటిలింగం కళ్ళు మూసుకునే డబ్బు ఇచ్చాడు. నాగభూషణం కళ్ళు మూసుకునే సంచీ అందుకున్నాడు. ఏదో మొక్కు కాబోలనుకుని కొట్టతను చెయ్యి పట్టి మెట్లు దింపాడు. ఒకళ్ళ కొంగు ఒకళ్ళు పట్టుకుని నలుగురూ వరసగా రోడ్డు మీద పడ్డారు.

"నాన్నా, మళ్ళీ ఎప్పుడు తెరవాలో చెప్పాడా?" అన్నాడు నాగభూషణం.

"చెప్పలేదే."

"అయితే తెరవకూడదు."

ఇంకేముంది! చేతికి తగిలిన బస్సెక్కారు. దిగమన్నచోట దిగారు. ఏ ఊరో తెలీదు. సన్నాయి వినిపిస్తే అటు నడిచారు. ఎవరిదో పెళ్ళి. బంతిలో కూర్చోబెట్టి వడ్డించారు. కళ్ళు మూసుకునే కరివేపాకుతో సహా తిన్నారు. కళ్ళు మూసుకునే అక్షింతలు వేశారు, సగం పురోహితుడి మీద పడ్డాయి. "మమ్మల్ని చింతలమెరక బస్సెక్కించండి బాబూ" అని కోటిలింగం ఎంతమందిని అడిగినా, ఎవరికి వాళ్ళు తమకి తోచిన బస్సెక్కించారు. శనివారం మధ్యాహ్నం బయల్దేరినవాళ్ళు సోమవారం పన్నెండింటికి సొంత ఊళ్ళో దిగారు. స్వర్ణానికి ఏడుపొక్కటే తక్కువ. సాయంత్రం ఐదింటికి అంచు చూపించాలి, ఇంకా తీగె కూడా మొదలెట్టలేదు. అయినా కళ్ళు తెరవలేదు. తెలివంటే తెలివే.

పోస్టాఫీసు ముందు కంచె పట్టుకుని తడుముకుంటూ వస్తున్న నలుగురినీ చూసి పిచ్చేశ్వరరావు గుండెలు బాదుకున్నాడు. సంగతంతా విని, "ఓరి మీ తెలివి సంతకెళ్ళా! ఇప్పటికైనా కళ్ళు తెరవండయ్యా!" అని అరిచాడు.

ఠపీమని నలుగురూ తెరిచారు. "చెప్పారు, బతికించారు" అన్నాడు కోటిలింగం.

ఆయనే ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి, వెలిగించి, స్వర్ణానికి చూపించాడు. "ఇదిగోనమ్మా తెర. దీని మీదే గీసుకోవాలి. ఎక్కువసేపు వాడితే వేడెక్కుతుంది, కాస్త చల్లగా చూసుకోండి. టపా సంచి వచ్చే వేళైంది, మళ్ళీ వస్తా" అని పరుగెత్తాడు. ఇంకో పావుగంట ఉండుంటే ఈ కథ ఉండేది కాదు.

స్వర్ణం తెర వైపు చూస్తూ కూర్చుంది. లోపల్నించి బుస్సు బుస్సుమని శబ్దం మొదలైంది. భ్రమరాంబ వచ్చి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు వెనక చెయ్యి పెట్టి చూసింది.

"ఏమండోయ్! దీని ఒళ్ళు కాలిపోతోంది! ఆయాసం కూడా!"

కోటిలింగం చెయ్యి పెట్టి చూసి తల పంకించాడు. "రెండు రోజులు ఎండన పడి తిప్పాం. వేడి చేసింది."

"పోస్టుమాస్టరు గారు ఏం చెయ్యమన్నారు?"

"చల్లగా చూసుకోమన్నారు."

"చల్ల అన్నారా! అదీ సంగతి. వేడి చేస్తే చల్ల కాక మరేం పోస్తాం?"

చల్ల అంటే మజ్జిగ, చంటిపిల్లాడికీ తెలిసిన వైద్యం. కొత్తగా వచ్చిన దానికి ఉత్త చల్ల పోస్తే లోకువ చేసినట్టుంటుందని భ్రమరాంబ ఆవాలూ, ఎండుమిర్చీ, కరివేపాకూ వేసి పోపు పెట్టింది. నాగభూషణం ల్యాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, దీనికి పక్కన మూడు నోళ్ళున్నాయే!" "మూడింటా పొయ్యరా నాయనా, ఎంత దాహంతో ఉందో!" ఉగ్గుగిన్నెతో మూడు నోళ్ళలోనూ పోశారు. మిగిలింది అక్షరాల మీద పోశారు. ల్యాప్‌టాప్ టిక్కుమంది. ఒక్క మూలుగు మూలిగింది. తెర నల్లబడింది, ఆయాసం ఆగింది, ఒళ్ళు చల్లబడింది.

"పడుకుంది తల్లి" అంది భ్రమరాంబ, కళ్ళు తుడుచుకుంటూ.

గోడ గడియారం మూడు కొట్టింది. స్వర్ణం లేచింది. ప్రెసిడెంటు గారేమన్నాడు? కంప్యూటర్ మీద గీసి పట్రమ్మన్నాడు. పోస్టుమాస్టరేమన్నాడు? తెర మీద గీసుకోమన్నాడు. ఇంతకుముందు మెరుస్తూ కళ్ళలో పొడిచింది, ఇప్పుడు అలికిన అరుగులా నల్లగా, తడిగా ఉంది. ముగ్గు పట్టడానికి అంతకన్నా ఏం కావాలి? పిండి తెచ్చుకుని కూర్చుంది.

తెర మధ్యలో ఒక కరివేపాకు అంటుకుని ఉంది. ఇంకెవరైనా అయితే తీసి పారేసేవాళ్ళు. ఆ ఇంట్లో ఎవరు తీస్తారు? స్వర్ణం దాన్ని అలాగే ఉంచి చుట్టూ గీసింది. పైనా కిందా రుద్రాక్ష చుక్కలు. మధ్యలో తీగె వంపులు తిరుగుతూ వచ్చి, ఆ ఆకుని ఎవరూ లాగెయ్యకుండా కాపలా కాస్తున్నట్టు చుట్టుకుంది. గీస్తున్నంతసేపూ ఆ పిల్ల ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

ఐదింటికి ఐదు నిమిషాలుందనగా నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని, హారతి పళ్ళెంలా మోసుకుంటూ సంఘం ఆఫీసుకి వెళ్ళారు. దారి పొడుగునా మజ్జిగ చుక్కలు. గవరయ్య గారు చూసి, "ఇదేంటి! కొత్త ల్యాప్‌టాప్‌ని..." అని నోరు చేసుకోబోయి, తెర మీద చూపు పడి ఆగిపోయాడు. ఆయన కూడా నలభయ్యేళ్ళు మగ్గం నేసినవాడే. తీగె వెంట గాల్లోనే వేలు నడుపుతూ వచ్చి ఆకు దగ్గర ఆగాడు.

"ఈ ఆకు ఏంటమ్మా?" అన్నాడు చివరికి.

"అది నేనేనండీ" అంది స్వర్ణం.

గవరయ్య గారికి కిందటేడు సంగతి గుర్తొచ్చింది. తలొంచుకున్నాడు. ఆ తర్వాత లేచి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్దక్షరాలతో 'స్వర్ణం అంచు' అని తనే రాశాడు. ఫోనులో ఫొటో కూడా తీసుకున్నాడు. స్వర్ణం ఆ బోర్డు వంకే చూస్తూ నవ్విందో ఏడ్చిందో తనకే తెలీదు.

"వంద చీరలు! అచ్చు ఇలాగే ఉండాలి, చుక్క తేడా రాకూడదు" అన్నాడు గవరయ్య గారు. "ముఖ్యంగా ఈ ఆకు. అది ఎక్కడా తప్పకూడదు."

అక్కడితో ఆయన ఆగి, "దారంతో" అని ఒక్క ముక్క కలిపుంటే ఎంత బావుండేది!

పది రోజుల తర్వాత మొదటి చీర తయారైందని కబురొస్తే ఆయన చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలోకి రాగానే ఘుమఘుమ.

"పులిహోర చేస్తున్నారా ఏమిటమ్మా?"

"లేదండీ, మీ చీరే" అంది భ్రమరాంబ.

చీర విప్పారు. తీగె అద్భుతం. చుక్కలు అద్భుతం. ప్రతి జానెడుకీ ఒక నిజం కరివేపాకు, నూలు పోగుల మధ్య ఇరికించి నేసింది. చుట్టూ అక్కడక్కడా ఆవాలు. ఊళ్ళో కరివేప చెట్లన్నీ ఎందుకు బోడిగా ఉన్నాయో ఆయనకి అప్పుడర్థమైంది.

"పచ్చి ఆకులే పెట్టేద్దామన్నాడండీ మావాడు" అంది భ్రమరాంబ. "నేనొప్పుకోలేదు. ఆ రోజు కంప్యూటర్ మీదున్నది పోపులో వేగిన ఆకు. అచ్చు అలాగే ఉండాలన్నారు కదా. అందుకని చీర మొత్తానికీ పోపు పెట్టా."

గవరయ్య గారు చీర అంచు చేతిలోకి తీసుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక, అంచులోంచి ఒక కరివేపాకు పీకి, అలవాటు కొద్దీ పక్కకి పారేశాడు.

స్వర్ణం కెవ్వుమంది. "నాన్నా! మళ్ళీ తీసి పారేశారు!"

ఇంకేముంది! నాగభూషణం ఒక చెయ్యి పట్టుకున్నాడు, కోటిలింగం ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. భ్రమరాంబ కింద పడ్డ ఆకు తీసి, ఊది, ప్రెసిడెంటు గారి నోట్లో పెట్టింది. "తప్పు బాబూ. నమలండి. ఈనెతో సహా."

ఆయన నమిలాడు. నలుగురూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. మింగాడు. పెద్దమనిషి, ఇంకేమనగలడు? నీరసంగా, "బోర్డు మీద నీ పేరు ఎక్కడికీ పోదులే తల్లీ" అన్నాడు స్వర్ణంతో. తర్వాత ఖర్మరా దేవుడా అనుకుంటూ, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఉప్పే తగ్గింది" అన్నాడు.

అంతే.

భ్రమరాంబ ఉప్పు జాడీ చంకనేసుకుని, మిగతా తొంభైతొమ్మిది చీరల నూలుకీ పెట్టడానికి కాగుతున్న గంజి దగ్గరికి పరుగెత్తింది.